పద్నాలుగు సెకన్ల పచ్చదీపం

"ఆ కార్డు ఎక్కడ పెట్టావో చెప్పమ్మా."

కుట్టుమిషను ఆగలేదు. తల్లి తల ఎత్తలేదు. సూది కింద బూడిదరంగు గుడ్డ జరుగుతూనే ఉంది.

"నిన్నే అడుగుతున్నాను."

"నీ కార్డుల సంగతి నాకేం తెలుసు? బట్టలు కుట్టుకునేదాన్ని. నీ చదువు సామాను నేను ముట్టుకుంటానా?"

"కెమెరా సంచిలో పెట్టాను. నిన్న పొద్దున ఉంది, ఇవాళ లేదు. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురమే కదా."

"అయితే మీ నాన్ననడుగు."

గువ్వ కెమెరా సంచి జిప్పు మూసింది. అడగలేదని తల్లికి తెలుసు. తెలిసే అంది. తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో తండ్రిని ఎవరూ ఏమీ అడగడం లేదు. అన్నం పెట్టనా అని మాత్రం అడుగుతున్నారు. అక్కర్లేదని ఆయన అంటున్నాడు. అయినా పెడుతున్నారు.

పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తండ్రి పెట్టుకున్న పేరు గువ్వ. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. యూనివర్సిటీలో ట్రాఫిక్ ఇంజినీరింగు, ఎంటెక్ ఆఖరి సెమిస్టరు. సిటీ బస్సు డ్రైవరు కూతురు రోడ్ల చదువు చదువుతోందని ఆయన డిపోలో చెప్పుకోని రోజు లేదు. "నేను ఇరవై ఆరేళ్ళు ఎర్రదీపం దగ్గర ఆగాను. ఆ దీపం ఎంతసేపు వెలగాలో ఇకమీదట మా అమ్మాయి చెబుతుంది" అనేవాడు.

ఆ అమ్మాయే తన ప్రాజెక్టు కోసం లైబ్రరీ రెండో అంతస్తు కిటికీలో కెమెరా పెట్టింది. కింద నాలుగు రోడ్ల కూడలి. ఎన్ని బండ్లు వస్తున్నాయి, ఎంతమంది నడిచి దాటుతున్నారు, ఎవరికి ఎంతసేపు పడుతోంది అని వరసగా ఏడు పొద్దులు తీయాలి. ఆరో పొద్దున కెమెరా పెట్టి క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ పొద్దునే ఆ కూడలిలో ఒక ముసలాయన బస్సు కింద పడి చనిపోయాడు.

బస్సు నడిపింది గువ్వ తండ్రి.

మర్నాడు తలుపు వేసుకుని ఆ వీడియో చూసింది. చూసింది చూసినట్టు తల్లికి చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

"పొరపాటు చేశాను, నీకు చెప్పి" అంది గువ్వ ఇప్పుడు.

"చెయ్యాల్సిన పొరపాటు అది కాదు. చూడగానే చెరిపెయ్యాల్సింది."

తలుపు తోసుకుని బాబాయి లోపలికొచ్చాడు. అదే డిపోలో మెకానిక్కు. చేతులకు గ్రీజు ఇంకా పోలేదు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"వదినా, రేపు పదకొండింటికి డిపోలో విచారణ. భయం లేదు. పోలీసు కాగితంలో శుభ్రంగా రాశారు. బస్సుకి పచ్చదీపం ఉంది, దాటినాయన ఎర్రదీపంలో దాటాడు. బస్సులో ఉన్నవాళ్ళూ అదే చెప్పారు. ఆఫీసరు సంతకం పెడితే సోమవారానికి అన్నయ్య డ్యూటీలో ఉంటాడు." ఆగి గువ్వ వైపు తిరిగాడు. "నువ్వు గమ్మునుంటే."

గువ్వ తిరిగి తల్లి వంక చూసింది. "బాబాయికి కూడా చెప్పేశావా? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా!"

"చెప్పకపోతే ఏం చెయ్యమంటావే? నీకు చెబితే వింటున్నావా?"

"పోట్లాడుకోకండి" అన్నాడు బాబాయి. "అమ్మా గువ్వా, నేను చదువుకోనివాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను. ఆ దీపం టైము చాలదంటున్నావట. రాసుకో. ఎన్ని పేజీలైనా రాసుకో. ఆ ఒక్క ముక్క మాత్రం కత్తిరించి పారెయ్యి. మీ నాన్న చెయ్యి చెవి దగ్గరున్న ముక్క."

"అది కత్తిరిస్తే తాత పచ్చదీపంలోనే అడుగుపెట్టాడన్నదీ పోతుంది బాబాయ్. రెండూ ఒకే నిమిషంలో ఉన్నాయి."

"పోతే పోనీ. పోయినాయన పోయాడు. మీ నాన్ననీ ఆయన వెనకాలే పంపిస్తావా?"

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా చప్పున నోళ్ళు మూసుకున్నారు. మిషను మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

గువ్వ సంచి భుజానికి తగిలించుకుని కాలేజీకి వెళ్ళిపోయింది.

*

ట్రాఫిక్ ల్యాబులో మేడమ్ కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టి పట్టికలు చూస్తోంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఏడు. ఆరో రోజేదమ్మా?"

"కెమెరా చెడిపోయింది మేడమ్."

"చెడిపోయిన కెమెరా ఏడో రోజుకి దానంతటదే బాగయిందా?"

గువ్వ సంచి పట్టీ సర్దుకుంది. మేడమ్ రెట్టించలేదు. కాగితాలు తిరగేస్తూ పోయింది. నడిచేవాళ్ళ పట్టిక దగ్గర వేలు ఆగింది.

"ఈ నలభై ఒకటో వరస ఎవరిది? సెకనుకి అరవై సెంటీమీటర్లు. మరీ ఇంత నెమ్మదా?"

మొదటి సెమిస్టరులో మొదటి పాఠం ఈ మేడమే చెప్పింది. స్టాప్‌వాచీలిచ్చి అందరినీ వరండాలో నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళ నడక కొలవమంది. సెకనుకి ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు. పుస్తకంలో ఉన్న నడక అది. ఆ లెక్కన పద్దెనిమిది మీటర్ల రోడ్డు పదిహేను సెకన్లలో దాటెయ్యాలి. కూడలిలో నడిచేవాళ్ళకు పద్నాలుగు సెకన్ల పచ్చదీపం, ఆపైన మూడు సెకన్లు అన్నివైపులా ఎరుపు. పుస్తకం ప్రకారం సరిపోతుంది.

నలభై ఒకటో వరస తాళాల తాతది. కూడలి పక్కన చిన్న కొట్టు, తాళాలు బాగుచేసేవాడు, మారు తాళంచెవులు కోసేవాడు. గువ్వ కిందకి దిగి లెక్కపెట్టే రోజుల్లో తన ముక్కాలిపీట ఇచ్చి, తాను గడప మీద కూర్చునేవాడు. మూడుసార్లు ఆయన్ని దాటించి కొలిచింది. ముప్ఫై సెకన్లు. ఎప్పుడూ ముప్ఫయ్యే.

"పోటీలో నాకెన్నో స్థానం వచ్చిందమ్మా?" అని అడిగాడు.

"మీరు పుస్తకం ప్రకారం నడవడం లేదు తాతా."

"నా మోకాలు నీ పుస్తకం చదువుకోలేదు కదా!" అని ఒకటే నవ్వాడు.

డెబ్బై రెండేళ్ళు, కుడి మోకాలు నొప్పి, కర్ర లేదు అని రాసుకుంది. ముప్ఫై సెకన్ల మనిషికి పద్నాలుగు సెకన్ల దీపం అని ఆరోజే తెలిసింది. ప్రాజెక్టు రిపోర్టులో నాలుగో అధ్యాయానికి మంచి ఉదాహరణ దొరికిందని సంతోషపడింది. నాలుగో అధ్యాయం రాయడానికి ఇంకా మూడు వారాలున్నాయని దాచుకుంది. తాత పోయింది ఆ తర్వాత పదకొండో రోజున.

"ఆయన లేరు మేడమ్" అంది గువ్వ. "ఆరో రోజు పోయింది ఆయనే."

మేడమ్ కళ్ళజోడు దించింది.

"బస్సు నడిపింది మా నాన్న."

ఎక్కడో ఫ్యాను గరగరమంటోంది. మేడమ్ కాగితాలు సర్ది గువ్వ ముందుకు జరిపింది.

"గైడుగా అడిగితే నా దగ్గర జవాబుంది. లెక్క ఇస్తే మొత్తం ఇవ్వు, లేదా ఆ రోజు అసలు తీయలేదని రాసి సంతకం పెట్టు. ముక్క కోసి ఇస్తే అది లెక్క కాదు. కానీ కూతురిగా ఏం చెయ్యాలంటావా..." అంటూ తల అడ్డంగా ఊపింది. "నాకు తెలీదమ్మా. తెలుసని చెబితే అబద్ధమాడినట్టే."

"తీయలేదని రాసి సంతకం పెడితే?"

"ఎవరూ అడగరు. దీపం మాత్రం పద్నాలుగు సెకన్లే వెలుగుతుంది."

*

ఇంటికి పోయే బస్సు కూడలి మీదుగానే పోతుంది. తొమ్మిది రోజులుగా గువ్వ ఒక స్టాపు ముందే దిగి, సందుల్లో చుట్టూ తిరిగి వెళ్తోంది. ఆ సాయంత్రం మాత్రం ఆలోచనలో పడి దిగడం మరిచిపోయింది. తల ఎత్తేసరికి ఎదురుగా తాళాల కొట్టు. తలుపు తెరిచి ఉంది. దిగి కొట్టుదాకా నడిచింది.

లోపల ఒకావిడ. ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. గోడకు వేలాడే తాళంచెవుల గుత్తులు ఒక్కొక్కటే తీసి అట్టపెట్టెలో పెడుతోంది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే కూతురని తాత చెప్పేవాడు. గువ్వ అడుగు వెనక్కి వేసేలోపే ఆవిడ చూసింది.

"మీరేనా పీట మీద కూర్చుని బండ్లు లెక్కపెట్టే అమ్మాయి? రండి, రండి. నాన్న మీ గురించి ఎన్ని చెప్పేవారో! నా నడక యూనివర్సిటీ దాకా పోయిందే అని ఊరంతా చాటారు."

గువ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"కూర్చో చెల్లీ. టీ అయినా తాగినట్టు లేవు, ముఖం అలా ఉంది." ఆవిడ పీట జరిపింది. తాను గడప మీద కూర్చుంది. "నేనొకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. పోలీసులిచ్చిన కాగితంలో నాన్న ఎర్రదీపంలో దాటారని రాశారు. నాకు ఎవరిమీదా కేసు వెయ్యాలని లేదు. డ్రైవరుకీ పిల్లాపాపా ఉంటారు. కానీ ఆ మాట మింగుడుపడటం లేదు. ముప్ఫై ఏళ్ళు ఈ కొట్టు ముందే దాటారు. ఖాళీ రోడ్డయినా సరే, పచ్చదీపం వచ్చేదాకా నిలబడేవారు. నన్ను చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని నిలబెట్టేవారు. ఆయన ఎర్రలో దాటారా?"

గువ్వ తల వంచుకుంది.

"ఆరోజు నువ్విక్కడ ఉన్నావా?"

"లేనక్కా." ఒక్క క్షణం ఆగింది. అక్కడితో ఆగిపోవచ్చు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. "నేను లేను. నా కెమెరా ఉంది."

ఆవిడ చేతిలో గుత్తి గలగలమని ఆగింది.

"పచ్చదీపంలోనే అడుగుపెట్టారు. దీపం వెలిగిన రెండో సెకనుకే. సగం రోడ్డు చేరకముందే ఆరిపోయింది. ఆ దీపం ఆయనకు చాలదని నాకు ముందే తెలుసక్కా. కొలిచాను. కొలిచి పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ ఏడవలేదు. చాలాసేపు గుత్తిలో ఒక తాళంచెవిని బొటనవేలితో రాస్తూ కూర్చుంది. చివరికి, "పచ్చలోనే" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. తర్వాత గువ్వ చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉండు తల్లీ. ఆ కాగితం మార్పించాలంటే నీ కెమెరా చూపించాలేమో. చూపిస్తావు కదూ? నేను ఎనిమిదింటిదాకా ఇక్కడే ఉంటాను. ఈ సామాను ఒకపట్టాన తెమిలేది కాదు."

ఆ దీవెన తనకు చెందదని గువ్వకు తెలుసు. డ్రైవరు తన తండ్రని ఆవిడకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచింది. వెళ్ళొస్తానక్కా అని మాత్రం అంది.

*

ఇంట్లో దీపాలు అప్పుడే వేశారు. తల్లి మిషను దగ్గరే ఉంది.

"ఆయన కూతురికి చెప్పేశాను" అంది గువ్వ చెప్పులు విడుస్తూనే.

మిషను ఆగింది. "ఏమని?"

"తాత పచ్చలోనే దాటాడని. నాన్న సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఆ కార్డు ఇస్తావా, లేదా?"

తల్లి లేచి వచ్చింది. చెంప మీద కొడుతుందనుకుంది గువ్వ. కొట్టలేదు. భుజాలు పట్టుకుని కుదిపింది. "నీకు మేం శత్రువులమా? కన్నతండ్రిని నీ చేత్తో నువ్వే పట్టిస్తావా? ఇందుకా నిన్ను చదివించింది? రాత్రుళ్ళు కళ్ళు పోయేలా గుండీలు కుట్టింది ఇందుకా?"

"అమ్మా, వదులు."

"నీకు ఆ ముసలాయనే కావలసివచ్చాడు. మీ నాన్న అక్కర్లేదు."

"నాన్న కావాలి కాబట్టే తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను!" గువ్వ అరిచింది. అరిచాక గొంతు తగ్గిపోయింది. అప్పుడే ఏదో తట్టింది. ఇన్నాళ్ళూ కళ్ళముందే ఉన్నది. "అమ్మా. నాన్న చెయ్యి చెవి దగ్గరుందని, ఫోన్లో ఉన్నాడని ఆరోజు చెప్పాను కదా. ఎవరితో మాట్లాడుతున్నాడు అని నువ్వు అడగలేదు. ఎవరైనా ముందు అదే అడుగుతారు. బాబాయి కూడా అడిగి ఉంటాడు. నువ్వు అడగలేదు."

తల్లి చేతులు భుజాల మీదనుంచి జారిపోయాయి.

"నువ్వు ఒక్కసారీ అడగలేదమ్మా."

తల్లి వెనక్కి నడిచి మిషను ముందు స్టూలు మీద కూలబడింది.

"సూది విరిగింది" అంది. "పదహారో నంబరు సూది. వచ్చేటప్పుడు తెమ్మందామని చేశాను. నాలుగుసార్లు మోగింది. ఎత్తలేదు. డ్యూటీలో ఎత్తడు, నాకు తెలుసు. అయిదోసారి చేశాను. ఇంట్లో ఏమైందోనని ఎత్తాడు. ఏమైంది ఏమైంది అని కంగారుపడ్డాడు. సూది అన్నాను. ఆఁ సరే, పదహారే కదా అన్నాడు. అంతే. తర్వాత..." చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ చప్పుడు ఇంకా అక్కడే ఉన్నట్టు. "నేను హలో హలో అంటూనే ఉన్నానే. ఎవరూ పలకలేదు. జనం కేకలు వినిపిస్తున్నాయి. నేనింకా హలో అంటూనే ఉన్నాను."

గువ్వ వెళ్ళి తల్లి పక్కన కింద కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక ఆమె మోకాలి మీద తల పెట్టుకుంది. తల్లి ఆ తల నిమరలేదు, తోసెయ్యలేదు.

కాసేపటికి తల్లి కళ్ళు తుడుచుకుని గుండీల డబ్బా అందుకుంది. బల్ల మీద బోర్లించింది. తెల్లవి, నల్లవి, ముత్యపుచిప్పవి, ఇత్తడివి బల్లంతా దొర్లి నేలమీదా పడ్డాయి. వేళ్ళతో గబగబా కెలికింది. మళ్ళీ కెలికింది.

"ఇందులోనే పెట్టాను. ఒట్టు. ఇందులోనే..."

"నా దగ్గరుంది."

లోపలి గది గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి, మనిషి సగమై ఉన్నాడు. అరచేతిలో గోరంత కార్డు.

"రేపటి విచారణకి చొక్కా చూసుకుంటే గుండీ ఒకటి లేదు. వెతుకుతుంటే దొరికింది. మీ మాటలన్నీ వింటూనే ఉన్నాను. గోడలు పల్చన కదా." వచ్చి గువ్వ ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. "చూపించమ్మా. నేను బస్సు అద్దంలోంచి మాత్రమే చూశాను. పైనుంచి ఎలా ఉందో చూడాలి."

"వద్దు నాన్నా."

"చూపించు గువ్వా."

గువ్వ కంప్యూటరు తెరిచి కార్డు పెట్టింది. తల్లి ముఖం గోడవైపు తిప్పుకుంది. తెర మీద కూడలి, పొద్దుటి ఎండ, పైనుంచి చిన్నగా కనిపించే మనుషులు. తాళాల తాత అడుగుపెట్టాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, తొందర లేకుండా. దీపం ఆరింది. అవతలి గీత దగ్గర ఆగి ఉన్న బస్సుకు పచ్చ వెలిగింది. బస్సు కూడలి మధ్యకు వచ్చింది. అద్దం వెనక ఒక చెయ్యి, చెవి దగ్గర.

చివరిదాకా చూశాడు. కళ్ళు మూయలేదు.

"బస్సు కదిలిన దగ్గర్నుంచి... అక్కడిదాకా... ఎంతసేపు?"

"ఏడు సెకన్లు."

"చూసి బ్రేకు తొక్కడానికి ఎంత కావాలి? మీ పుస్తకంలో ఏమన్నారు?"

"రెండున్నర. ఆ వేగంలో ఆగడానికి ఇంకో రెండు."

ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. కూతురికి చిన్నప్పుడు కూడికలు నేర్పినట్టే.

"అంటే ఫోను లేకపోతే ఆగేవాణ్ణి."

గువ్వ నాలుగు సెమిస్టర్లు చదివింది. ఎన్నో లెక్కలకు జవాబులు రాసింది. ఈ జవాబు చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఆయన ఎదురుచూస్తున్నాడు. అబద్ధం చెబితే ఆయనకు తెలిసిపోతుంది. నిజం ఆయనకు ముందే తెలుసు. కూతురి నోట వినాలనే అడుగుతున్నాడు.

"ఆగేవాడివి నాన్నా."

ఆయన తల ఊపాడు. అప్పుడు ఏడ్చాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి, పెద్దగా చప్పుడు చెయ్యకుండా, భుజాలు మాత్రం కదులుతుండగా. తల్లి గోడవైపు నుంచి తిరగలేదు.

ఏడుపు ఆగాక కార్డు తీసి గువ్వ చేతిలో పెట్టాడు. "ఇది మీ మేడమ్‌కివ్వు. కొయ్యకుండా ఇవ్వు. రేపు విచారణలో నా మాట నేనే చెప్పుకుంటాను, నీ చేత చెప్పించను." లేచాడు. "ఆయన కూతురు ఎనిమిదింటిదాకా కొట్లోనే ఉంటుంది కదా?"

గువ్వ ఉలిక్కిపడింది. ఆ మాట తాను ఎవరికీ చెప్పలేదు. "నీకెలా తెలుసు?"

"రోజూ సాయంత్రం వెళ్తున్నాను. అవతలి పక్క నిలబడి చూసి వచ్చేస్తున్నాను. ఎనిమిదింటికి తలుపు వేస్తుంది. రోడ్డు దాటడానికి కాళ్ళు రావడం లేదు."

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటున్నాడు. తల్లి ఒక్క అంగలో వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

"ఫోన్లో ఎవరని అడుగుతుంది. అడగదా? ఏం చెప్తావు?"

"డిపో నుంచి అని చెప్తాను."

"ఎన్నాళ్ళు చెప్తావు?"

ఆయన తల దించుకుని రెండో చెప్పు వేసుకున్నాడు. తల్లి తలుపు దగ్గరే నిలబడి, నేలమీద చెల్లాచెదరైన గుండీల వంక చూసింది. చివరికి తన చెప్పులు వెతుక్కుంది.

ముగ్గురూ బయల్దేరారు. కూడలి దగ్గర జనంతోపాటు ఆగారు. నడిచేవాళ్ళకు పచ్చ వెలిగింది. తండ్రి కదల్లేదు. గువ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. మళ్ళీ ఎరుపొచ్చింది, మళ్ళీ పచ్చ వెలిగింది. ఈసారి తల్లి ముందడుగు వేసింది. వెనకాలే వాళ్ళిద్దరూ.

కొట్లో దీపం వెలుగుతోంది. గోడలు బోసిపోయాయి. అట్టపెట్టెకు తాడు కడుతున్న ఆవిడ అలికిడికి తల తిప్పి, గువ్వను చూసి లేచింది. తొమ్మిది రోజుల దుఃఖంలోనూ ముఖం కొంచెం వికసించింది.

"వచ్చావా చెల్లీ! కెమెరా తెచ్చావా?" అంది. వెనక నిలబడ్డ ఇద్దరినీ అప్పుడే చూసింది.

"వీళ్ళెవరమ్మా?"